పాటల పుస్తకం: సరుకు, స్వామ్యం, సాక్ష్యం

సంగీతకారులు తమ సంగీతానికి ప్రచారంగా అమ్మే వస్తువులపై చర్చ సాధారణంగా పాశ్చాత్య రాక్ బృందాలతో మొదలవుతుంది. న్యూయార్క్‌లోని రామోన్స్ బృందానికి ఆర్టురో వేగా రూపొందించిన చిహ్నం టీషర్టులపైకెక్కింది. వాటిని ఆయనే కచేరీల వద్ద అమ్మేవాడు. అక్కడ వస్తువు మోసేది బృందం పేరునే, పాటను కాదు. అందువల్ల ఆ పాటలు ఎన్నడూ విననివారు సైతం ఆ చొక్కాను తొడుక్కోగలరు.

తెలుగు సినిమా పాటల పుస్తకం స్వభావం ఇందుకు భిన్నం. సినిమా హాళ్ల వద్ద స్వల్ప ధరకు దొరికిన ఈ చిన్న పుస్తకంలో నటీనటుల, సాంకేతిక నిపుణుల పేర్లు, కథాసంగ్రహం, పాటల సాహిత్యం ఉండేవి. కథను కీలకఘట్టం వద్ద ఆపి, తరువాయి వెండితెరపై చూడమనడం పరిపాటి. కథను దాచి పాటను పూర్తిగా ఇవ్వడంలోనే దాని వ్యాపారసూత్రం ఉంది. ముగింపు ముందే తెలిస్తే కథపై కుతూహలం తగ్గుతుంది. పాట నోటికి వచ్చేకొద్దీ దానిపై మక్కువ పెరుగుతుంది. పుస్తకం చూసి పాడుకొన్న ప్రేక్షకుడే ఆ చిత్రానికి ప్రచారకుడయ్యాడు.

అయితే ఆ ప్రచారఫలం ఎవరిది? ఒప్పందంలో వేరే షరతు లేనప్పుడు, ప్రతిఫలమిచ్చి చిత్రం కోసం చేయించుకొన్న పాటకు తొలి హక్కుదారు నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. హాలులో చిత్రంతోపాటు జరిగే ప్రదర్శన మినహా ఇతర వినియోగాలపై రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వదులుకోవీలులేని సమానవాటాను 2012 నాటి కాపీరైట్ సవరణ కల్పించింది. అప్పటికే పాటల పుస్తకం దాదాపు కనుమరుగైంది. రామోన్స్ చొక్కా బృందం సొంత సరుకు; పాటల పుస్తకం కవి మాటలతో నిండిన నిర్మాత సరుకు. రెండింటినీ ఒకే గాట కట్టడం సరికాదు.

నేడు ఈ సరుకే పరిశోధకులకు ఆధారం. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ వలె ప్రతులు దక్కని చిత్రాల విషయంలో ఇటువంటి ముద్రిత సామగ్రి విలువ చెప్పనక్కరలేదు. కానీ అది విడుదలకు ముందే, అమ్మకం కోసం అచ్చయిన పాఠం. చిత్రం నుంచి తొలగించిన పాట అందులో మిగలవచ్చు. గాయకుని నోట మారిన పదం పాతరూపంలోనే ఉండవచ్చు. కనుక గ్రామఫోన్ రికార్డుతోనూ, లభిస్తే చిత్రంతోనూ సరిపోల్చకుండా దానిని ప్రామాణిక పాఠంగా ఉటంకించడం పరిష్కరణ ధర్మానికి విరుద్ధం. పాటల పుస్తకాన్ని సాహిత్యంగా చదివే ముందు సరుకుగా చదవాలి.