వార్డెనుగారు ఊళ్లో లేని రాత్రి

గత ఆదివారము మా ఊరికి దగ్గరలోనున్న ఒక బాలుర వసతిగృహమున కెమెరాలను ప్రారంభించు సభకు నన్ను పిలిచిరి. రిబ్బను కత్తిరించుటకు కాదు. ఆ గౌరవము వేరొకరికి దక్కినది. రెండు మాటలు చెప్పి, శాలువా కప్పించుకొని పోవలసిన బాపతు అతిథులలో నేనొకడను. శాలువాలపై నా అభిప్రాయము ఈ శీర్షికను విడువక చదువువారికి కంఠతా వచ్చినదే కావున దానిని మరల ఏకరువు పెట్టను. ఆఫీసు గదిలో గోడకు తగిలించిన తెరమీద భోజనశాల కనబడుచుండెను. పిల్లలు బారులు తీరి కూర్చుండి, తలలు వంచుకొని, ఒక్కడైనను ప్రక్కవానితో పలుకక అన్నము తినుచుండిరి. "చూశారా సార్, చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. కెమెరాలు పెట్టిన దగ్గర్నుంచీ ఒక్క కంప్లయింటు లేదు" అని అక్కడి ఉద్యోగి సంతోషముతో చెప్పెను. పదిపన్నెండేండ్ల పిల్లలు అంతమంది ఒక్కచోట పప్పన్నము తినుచు మాటాడకుండుట లోకములో ఎక్కడనైన ఆరోగ్యలక్షణమా అని అడుగవలెననిపించినది. శాలువా భుజముమీద నుండుటచే అడుగలేదు.

ఇంటికి వచ్చుచు నా పాతపాటనే మరల ఎత్తుకొంటిని. పిల్లలను పెంచునది ఇనుపగేటు కాదు, హాజరుపట్టీ కాదు, వ్రేలిముద్రల యంత్రము అంతకన్న కాదు. తన కడుపు నిండినదో లేదో కనిపెట్టి చూచు ఒక మనిషి అక్కడ ఉన్నాడన్న ధీమాయే పెంచును. వసతిగృహములు లేని రోజులలో మన ఊళ్లలో పేదపిల్లలు వారములు చేసికొని చదువుకొనిరి. సోమవారము ఒక ఇల్లు, మంగళవారము ఒక ఇల్లు. ఏడు గడపలు ఎక్కు ఆ కుఱ్ఱవాడు ఏ ఇంట అన్నము వేడిగా దొరకునో, ఏ ఇంట వేడిగా దొరకునది మాట మాత్రమేనో, చెప్పులు విడువకముందే పసిగట్టెడివాడు. 1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహము వెలసినప్పుడును, దాని బాధ్యతను సురవరము ప్రతాపరెడ్డిగారి వంటి పండితుడు నెత్తిన వేసికొన్నప్పుడును, 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల ప్రారంభమైనప్పుడును, ఇక గడప గడపకు మనోధర్మము మాఱు దినములు గడచినవనియు, నాలుగు గోడల నడుమ ఒక్క గాలియే వీచుననియు మనవారు ఆశపడిరి. ఆ గాలి పేరు వాత్సల్యమని నేను ఎన్నోమారులు వ్రాసియుంటిని. కావున ఈ వారము నా కలము నడువవలసిన దారి తేటతెల్లముగనే ఉండెను: కెమెరాను తిట్టుట, ప్రేమను పొగడుట, సంతకము పెట్టుట. కాని ప్రేమమూర్తియైన వార్డెను అనుకొనగానే నాకొక మనిషి జ్ఞాపకమునకు వచ్చును. ఆయన వచ్చి ఆ దారికి అడ్డముగ నిలిచెను.

ఆయన పేరు చెప్పను. నేను హైస్కూలులో చదువుకొనిన నాటి వసతిగృహమునకు ఆయన వార్డెను. ఆయన పద్యము ఎత్తుకొన్నచో వీధిని పోవువారు నిలిచి వినెడివారు. ఆదివారము సాయంకాలము వేపచెట్టు క్రింద మాకు భారతకథ చెప్పెడివాడు. పరీక్షరుసుము కట్టలేని కుఱ్ఱవానికి తన జేబులోని పైకము తీసి యిచ్చెడివాడు. జ్వరము వచ్చిన పిల్లవాని తలవద్ద తెల్లవార్లు కూర్చుండెడివాడు. మేమాయనను దేవునివలె చూచితిమి. ఐతే ఆ దేవునికి పూజారులుండిరి. ప్రొద్దు గ్రుంకిన వెనుక ఆయన వసారాలో మడతమంచము చుట్టును చేరు ఏడెనిమిది మంది పెద్దకుఱ్ఱలకు ఆయన ఇచ్చిన చనువు, రాత్రి స్టడీ అవరు ముగిసి, దీపములు తగ్గించి, అందఱును చాపలు పఱచుకొనునప్పటికి హాలులో అధికారముగ మాఱెడిది. చిన్నవారు పెద్దవారి బట్టలు ఉతుకవలెను, బావినుండి నీళ్లు తోడిపెట్టవలెను, అడిగినచో కాళ్లు పట్టవలెను. మజ్జిగ బక్కెట్టు పెద్దవారి బంతినుండి బయలుదేరి చివఱనున్న చిన్నవారిని చేరునప్పటికి అందులో మజ్జిగ పేరుకు మాత్రమే మిగిలెడిది.

సంక్రాంతి సెలవులు ముగిసిన వారములో ఈ పాలన పరాకాష్ఠ నందుకొనెడిది. ఇంటినుండి తెచ్చుకొనిన అరిసెలు, చక్కిలాలు, సున్నుండలు రేకుపెట్టెలలో దాచి తాళము వేసికొనెడివారము. ఆఱవ తరగతి పిల్లవాడొకడు ఒకనాటి ఉదయము పెట్టె తెఱచి చూచునప్పటికి అరిసెల డబ్బా అడుగున నువ్వులు తప్ప ఏమియు లేవు. వార్డెనుగారు స్వయముగ వచ్చి, వాని ముందు గొంతుక్కూర్చుండి, భుజముపై చేయి వేసి, "ఏమైందిరా నాన్నా?" అని అడిగిరి. వాడు ఆయన వెనుక నిలిచిన ఇద్దరు పెద్దకుఱ్ఱలను చూచి, "ఎలుకలండీ" అనెను. తాళము తీయగల ఎలుకలను గూర్చి ఆయనకు అనుమానము కలుగలేదు. మఱునాడు బజారునుండి మిఠాయి తెప్పించి వానికి ఇప్పించిరి. ఆ మిఠాయియు ఎలుకలపాలే అయినది.

కొట్టు అధికారి యెదుట పిల్లవాడు నోరు మెదపకుండుట అందఱము ఎఱిగినదే. కాని అంతటి మంచివాని మనస్సు నొప్పింతునేమో, నొప్పించి ఆయన చల్లనిచూపునకు దూరమగుదునేమో అను భయము బెత్తము కంటె బలముగ నోరు మూయింపగలదని మా హాలులో ఉన్నవారికి తెలియును. ఆయన దయయంతయు ఆయన చేతిమీదుగనే జరుగవలెను. ఆకలిగొన్నవానికి రెండవమారు అన్నము కావలెనన్నచో వంటమనిషి గరిటె ఎత్తడు; వార్డెనుగారివైపు చూచును; ఆయన చిఱునవ్వుతో తల ఊపును; గరిటె లేచును. అడిగిన ఎవనికిని ఆయన కాదనలేదు. ఐనను రెండవ గరిటె మాకు హక్కు కాలేదు, వరమైనది. వరములు దొరకుచోట భక్తులలో మొదటివాడెవడు, రెండవవాడెవడు అను పోటీ తప్పదు. ఆయన బిల్లుల పనిమీద జిల్లాకేంద్రమునకు పోయిన రాత్రులలో మా హాలున ఏమి జరిగెడిదో వ్రాయను. ఆ వసతిగృహపు నిజస్వరూపము మాత్రము ఆ రాత్రులలోనిదే.

ఆయనకు బదిలీ అయినప్పుడు మేమందఱము బస్సుస్టాండు వఱకు ఏడ్చుచు నడచితిమి. ఆ ఆఱవ తరగతి పిల్లవాడును ఏడ్చెను.

తరువాత వచ్చినాయన పొడిమనిషి. ఆయన నవ్వగా చూచినవారు లేరు. పద్యము లేదు, కథ లేదు. స్టాకు రిజిస్టరు చంకలో పెట్టుకొని తిరుగుటయే ఆయన కళ. వచ్చిన వారము తిరుగకముందే చిన్నవారి పెట్టెలను, చాపలను తన గదికి ఆనుకొనియున్న భాగమునకు మార్పించెను. నీళ్ల వంతులు, ఊడ్పు వంతులు పెద్దలు పిన్నలు అను భేదము లేక ఒక అట్టమీద వ్రాయించి తలుపునకు వ్రేలాడదీసెను. వడ్డన చిన్నవారినుండి మొదలుపెట్టించి, తాను కంచము పట్టుకొని అందఱికంటె చివఱ కూర్చుండెను. నీళ్ల మజ్జిగ ఇప్పుడు ఆయన కంచములో పడినది. నాలుగు దినములలో మజ్జిగ చిక్కబడినది. రెండవ గరిటెకు ఎవరి అనుమతియు అక్కఱలేదని వంటమనిషితో ఒక్కమాట చెప్పెను, అంతే. ఏ తప్పునకు ఏ శిక్షయో ముందుగనే తెలిసియుండెను. అది అనుభవించిన మఱునాడు ఆ తప్పు మాట ఎత్తెడివాడు కాడు. ఆయనయు బిల్లులకై జిల్లాకేంద్రమునకు పోయెడివాడు. అట్టి ఒక రాత్రి, ఆ అరిసెల కుఱ్ఱవాడే, తనకు రెండింతలున్న వానితో, "ఇవాళ నీళ్ల వంతు నీదన్నా, నాది కాదు" అనుట నేను చెవులార వింటిని. ఆయనకు బదిలీ అయినప్పుడు ఎవ్వరును ఏడువలేదు. ఎప్పుడు పోయెనో కూడ సరిగ గమనింపలేదు.

ఈ ఇద్దఱిని ప్రక్కప్రక్కన నిలిపినప్పుడెల్ల నాకు కుర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అను మువ్వురు అమెరికాలోని అయోవాలో చేసి 1939లో ప్రకటించిన ఒక ప్రయోగము తలపునకు వచ్చును. పదేండ్ల బాలురను చిన్నచిన్న జట్లుగ చేసి, వారిచే మాస్కులు మొదలగు వస్తువులు చేయించుచు, ఆ జట్లను కొన్నాళ్లు ఆజ్ఞాపించు నాయకుని క్రిందను, కొన్నాళ్లు కలిసి నిర్ణయించు నాయకుని క్రిందను, కొన్నాళ్లు ఏమియు పట్టించుకొనని వాని క్రిందను ఉంచి చూచిరి. ఆజ్ఞల క్రింద నడచిన అయిదు జట్లలో నాలుగు మిక్కిలి నెమ్మదిగ, మందముగ, మాటామంతీ లేక ఉండెను. నాయకుడు గది దాటగానే పని ఆగి, అణగియున్న కోపము ఒకరిపైనొకరికి బయటపడెను. కలిసి నిర్ణయించుకొనిన జట్లలో నాయకుడు లేకున్నను పని సాగెను. ఇరువదిమందిలో పందొమ్మండుగురు ఆజ్ఞాపించువానికంటె కలుపుకొనిపోవువానినే మెచ్చిరి. మౌనముగ అన్నము తిను పిల్లలను చూచి మురిసిపోవువారు ఆ నాలుగు జట్లను ఒకమాఱు తలచుకొనవలెను. నాకు ముఖ్యమైనది ఇంకొకటి: వసతిగృహమునకు పరీక్ష వార్డెను ఉన్నప్పుడు కాదు, లేనప్పుడు. మా దేవుడు ఆ పరీక్షలో తప్పెను, పొడిమనిషి నెగ్గెను.

ఈ కాలమున నెదర్లాండ్సులో పీర్ వాన్ డర్ హెల్మ్, ఆయన సహచరులు, నేరారోపణపై నిర్బంధములోనున్న యువకుల నిలయములలో నాలుగు గోడల నడిమి ఈ గాలిని కొలుచుటకు ఒక ప్రశ్నావళి సిద్ధపఱచి 2011లో ప్రకటించిరి. ఉద్యోగుల ఆదరణ ఎంత, నేర్చుకొని ఎదుగు అవకాశమెంత, అణచివేత ఎంత, పిల్లలు తమలో తాము కలిసియుండు తీరెట్టిది అని అందు నాలుగు పద్దులు. అంకెలతో నాకుగల వైరము పాతదే. మనస్సును మార్కులలోనికి దింపు విద్యలను ఈ శీర్షికలో నేను వదలిపెట్టినది లేదు. కాని ఇక్కడ ఆ వైరమును కొంత సడలింపక తప్పదు. ఎందుకనగా ఆ ప్రశ్నలకు జవాబు చెప్పువాడు వార్డెను కాదు, తనిఖీకి వచ్చిన అధికారి కాదు. అక్కడ పండుకొను పిల్లవాడు. మా రోజులలో ఎవరైన ఆ కాగితము మా చేతికిచ్చి, ఎవరు వ్రాసినది ఎవరికి తెలియకుండ సేకరించియున్నచో, మొదటియాయనకు ఆదరణ పద్దులో నూటికి నూఱును, నాలుగవ పద్దులో సున్నయును పడి, అంతటి మంచివాడు ఆ రెండు అంకెలను చూచి నివ్వెఱపోయి, బహుశః ఆ రాత్రియే లాంతరు పట్టుకొని హాలు చివఱి వఱకు నడచియుండును.

అట్లని ప్రేమ దండుగ అనుట నా ఉద్దేశము కాదు. నేను ఈ వ్రాతవృత్తిలోనికి వచ్చుటకు ఆ వేపచెట్టు క్రింది కథలే మూలము. పొడిమనిషి వద్ద నేను నేర్చినది వంతులపట్టీ చదువుట. వాత్సల్యమును కట్టుబాటును ఒకే ఇంట ఇమిడ్చిన వారు లోకములో లేకపోలేదు. వార్సాలో 1912లో యూదు అనాథలకై తెఱచిన నిలయమును నడపిన డాక్టరు యానుష్ కోర్చాక్ పిల్లలచేతనే న్యాయస్థానము నడపించెను. న్యాయమూర్తులు పిల్లలు; పెద్దవారిపైకూడ ఫిర్యాదు చేయవచ్చును; కోర్చాక్ తానే ముద్దాయిగ నిలిచిన సందర్భములున్నవి. ఆయన వ్రాసిన శిక్షాస్మృతిలో మొదటి నిబంధనలన్నియు క్షమించుటకే. ఇల్లు విడిచి పొమ్మనునది వెయ్యవ నిబంధన. 1942లో పిల్లలచే రవీంద్రుని 'డాక్ ఘర్' ఆడించుటయు, కొలది దినములకే వారితోకూడ నాజీల మృత్యుశిబిరమగు ట్రెబ్లింకాకు పోవుటయు అందఱు చెప్పుకొను కథలే. నేడు వాని జోలికి పోను. తక్కువగ చెప్పుకొనునది స్టెఫానియా విల్చిన్‌స్కా పేరు. మొదటి మహాయుద్ధములో కోర్చాక్ సైన్యమున వైద్యుడై దూరముగ నుండిన ఆ ఏండ్లన్నియు ఇల్లు నిలిపినది ఆమె. ట్రెబ్లింకాకును ఆమె పిల్లలతోనే పోయినది. కథలు డాక్టరుగారివి, దుప్పట్లు లెక్క చూచినది ఆమె. మా ఇద్దఱు వార్డెనులు వేర్వేఱు సంవత్సరములలో కాక ఒక్కసారిగ వచ్చియున్నచో అని నేను అప్పుడప్పుడు ఊహించుకొందును.

నిలయములలోని పిల్లల మాట వినుటకు మన దేశములో శాసనమే కలదు. బాలన్యాయ చట్టము 2015లో వచ్చినది. పిల్లలను నిలయములలో నుంచుట చివఱి మార్గము కావలెనని అది చెప్పును. 2016 నాటి నియమములు ప్రతి నిలయములోను పిల్లల కమిటీ లుండవలెననియు, తమ సాధకబాధకములను వారే చెప్పుకొనవలెననియు విధించినవి. అట్టి ఒక నిలయములో కమిటీ రిజిస్టరు తిరుగవేయు అవకాశము నాకు ఒకమాఱు కలిగినది. చాల పుటలలో ఒకే దస్తూరీ, ఒకే వాక్యము: "అన్నియు బాగున్నవి". నడుమ ఒక్క పుటలో మాత్రము ఎవడో పిల్లవాడు పెన్సిలుతో, "స్నానాల గదికి గడియ లేదు" అని వ్రాసెను. దాని క్రింద నిలయాధికారి ఎఱ్ఱసిరాతో, "గడియ పెట్టించబడినది" అని వ్రాసి సంతకము చేసెను. తరువాతి సమావేశపు పుటలో మరల అదే పెన్సిలు: "గడియ వచ్చింది. బయటివైపు పెట్టారు."