బంగారం ఎర్రబడే విద్య

బంగారం పచ్చగానే ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. 15, 20 నానోమీటర్ల రేణువులు చేసి నీళ్ళలో నిలిపితే అది కెంపు రంగులో మెరుస్తుంది. ఆ రేణువులు ఒకదానికొకటి దగ్గరగా జరిగితే ఊదా, ఇంకా దగ్గరైతే నీలం. వెండి అయితే పసుపు. రంగు పొడి లేదు, అద్దకం లేదు. రేణువు ఎంత, ఏ ఆకారం, దాని చుట్టూ ఏముంది, వీటితోనే పని. ఇంత పొదుపైన రంగుల విద్య ఇంకొకటి ఉందంటే నేను నమ్మను.

లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలుగు తగలగానే, గాలికి నిండు చెరువు నీళ్ళు ఒడ్డు నుంచి ఒడ్డుకు ఊగినట్టు, రేణువులో అటూ ఇటూ ఊగుతాయి. చిన్న బంగారు రేణువులో ఆ ఊపు 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగుతో కలుస్తుంది. ఆ వెలుగు అక్కడే ఆగిపోతుంది, మన కంటికి ఎరుపు మిగులుతుంది. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. అందులో ఏ మూలకూ రాని రేణువు ఇంత పని చేస్తోంది!

చరిత్ర పెద్దదే. నాలుగో శతాబ్దపు రోమన్ల లైకర్గస్ పాత్ర బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. బయటి వెలుగులో ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. దాని గాజులోనూ ఇలాంటి రేణువులే. 1857లో ఫారడే బంగారాన్ని నీళ్ళలో ఎర్రగా నిలిపాడు. ఆయన సీసాలు లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఈనాటికీ ఎర్రగానే ఉన్నాయి. 1908లో గుస్తావ్ మీ (Mie) అనే శాస్త్రవేత్త లెక్క కట్టి కారణం చూపాడు.

ఇక మావాడి సంగతి. రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు గారి పేరులో ఆ మొదటి ‘సి’ చింతామణి, మా చిక్కబళ్ళాపురం జిల్లాలోని ఊరి పేరు. 2014లో భారతరత్న అందుకున్న ఆ పేరును మా ఊళ్ళో ఇంకా గట్టిగా పలకాలి. ఫారడే అంటే ఆయనకు ప్రాణం. బెంగళూరు జక్కూరులో ఆయన నెలకొల్పిన జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలో, 2003 నాటి పనిలో, కింద నీళ్ళు, పైన టోలూయిన్ ఉంచి, ఆ రెండూ కలిసే గీత మీద బంగారు రేణువుల పొర దానంతటదే పరుచుకునేలా చేశారు. వేడి మార్చితే రేణువు సైజు మారుతుంది. చెయ్యి తగలకుండా పొర అల్లించడం మామూలు పనితనమా?

ఇలాంటి రేణువులను పాలిమర్ పొరలో నిలిపే పని దగ్గరికొస్తే నా ఓటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకే. అక్కడ టి.పి. రాధాకృష్ణన్ బృందం పాలీవినైల్ ఆల్కహాల్, సిల్వర్ నైట్రేట్ నీళ్ళలో కలిపి, గాజు పలక మీద గిర్రున తిప్పి పలచగా పరిచి, వేడి చేసింది. ఆ పాలిమరే వెండి ఉప్పును వెండి రేణువులుగా మార్చింది, ఆ పాలిమరే వాటిని ముద్ద కట్టకుండా పట్టి ఉంచింది. పొర పసుపు తిరిగింది. 2005లో ఈ పని అచ్చయింది. బంగారంతో చేస్తే పలకల్లాంటి రేణువులు కూడా వచ్చాయి. 2011లో ఇంకో మెట్టు ఎక్కారు: ఆ వెండి పొరకు పాదరసం తగిలితే రంగు వెలిసిపోతుంది, నీళ్ళలో వందకోట్లలో కొన్ని వంతులే ఉన్నా పట్టేస్తుంది.

విదేశాల్లోనూ గట్టివాళ్ళున్నారు. వెండి కలిపిన పాలిథీన్‌ను సాగదీసి, రేణువులు వరసకట్టేలా చేసి, వెలుగు ధ్రువణ దిశ మార్చగానే రంగు మారే పొరను 1999లో కాసేరీ, స్మిత్‌ల బృందం చూపింది. అదే పొర, అదే వెండి, అయినా రెండు రంగులు.

ఇదంతా మనకు దూరం అనుకోకండి. మా బాగేపల్లి మెడికల్ షాపులో కొనే గర్భ పరీక్ష పట్టీ మీద తేలే ఆ గులాబీ గీత చాలావాటిలో బంగారమే. నైట్రోసెల్యులోజ్ పాలిమర్ మీద నిలిచిన నానో బంగారం.

ఇంత గొప్ప విద్య పేరు పెట్టుకుని ఇవాళ బజారులో ఏం అమ్ముతున్నారో చూస్తే ఒళ్ళు మండుతుంది. నానో నీళ్ళట, నానో క్రీమట, సర్వరోగ నివారిణి నానో వెండి అట! ఎర్ర రంగు కలిపి బంగారు ద్రావణమంటే కొనేవాళ్ళున్నారు. పరీక్ష ఎంత సులువో! అసలు బంగారు ద్రావణంలో చిటికెడు ఉప్పు వేస్తే, పైన గట్టి రక్షణ పూత లేకుంటే, రేణువులు దగ్గరై నీలమవుతుంది. రంగు కలిపిన నీళ్ళు అట్లాగే ఉంటాయి. యోగి కైవారం తాతయ్య గాజుల మలారం మోసిన జిల్లా ఇది, అసలు ఏదో నకిలీ ఏదో తెలియక మోసపోవడం మనకు తగదు. మహిమల పేరిట జరిగే మోసాలను నిలదీసిన హెచ్. నరసింహయ్య గారి నేషనల్ కాలేజీ బాగేపల్లిలోనే ఉంది కదా.

ఆ కాలేజీలాంటి చోట్లనే ఈ విద్య మొదలవాలి. 1951లో టర్కెవిచ్ స్థిరపరచిన పద్ధతిలో బంగారు క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ పోస్తే చాలు. లేత పసుపు పోయి, నీలి ఛాయ కొద్దిసేపు కనబడి, ద్రాక్షసారాయి రంగు వచ్చేస్తుంది. అంత తక్కువ బంగారం అవసరమైన ప్రయోగాన్ని కూడా పుస్తకంలో చదివించి వదిలేయడం అన్యాయం. చిక్కబళ్ళాపురం, చింతామణి పిల్లలు దాన్ని కళ్ళారా చూడాలి.

ఇంకో మాట. బెంగళూరు మురుగునీటిని రెండో దశ వరకు శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార (హెచ్.ఎన్.) వ్యాలీ పథకం కింద మా జిల్లా చెరువులకు వదులుతున్నారు. మూడో దశ శుద్ధి కావాలని రైతు సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. నీళ్ళలో ఏముందో ప్రభుత్వం చెబితేనే తెలియాలా? పాదరసాన్ని పట్టే పొర హైదరాబాద్‌లో పుట్టి పదేళ్ళు దాటింది. రాధాకృష్ణన్ గారి పొరను మా చెరువుగట్టుకు తెచ్చి, కాలేజీ పిల్లల చేత నెలనెలా పరీక్ష చేయించి, ఫలితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించే పనికి ఏ అధికారి పూనుకున్నా, ఆయన వెంట మేమంతా నిలబడతాం.