సొత్తుదారు లేని చౌర్యం: ‘యెస్టర్డే’ చిత్రంలో కర్తృత్వ సమస్య

1. ఉపోద్ఘాతం

డానీ బోయల్ దర్శకత్వంలో, రిచర్డ్ కర్టిస్ రచనతో 2019లో వెలువడిన ఆంగ్లచిత్రం ‘యెస్టర్డే’ పైకి తేలికపాటి ప్రణయహాస్యం. ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతానికి చెందిన జాక్ మాలిక్ (హిమేశ్ పటేల్) ఎవరూ చెవినిడని గాయకుడు. గోదాములో పనిచేసి పొట్ట పోసుకుంటుంటాడు. ప్రపంచమంతటా 12 సెకన్లు విద్యుత్తు నిలిచిపోయిన రాత్రి అతనిని బస్సు ఢీకొంటుంది. తేరుకొనేసరికి బీటిల్స్ బృందం లోకస్మృతిలోనే లేదు. ఆ పాటలు జ్ఞాపకమున్న జాక్ వాటిని తనవిగా పాడి విశ్వవిఖ్యాతుడవుతాడు. ఈ విచిత్రకల్పనలోని కర్తృత్వప్రశ్నను, దానిని చిత్రం పరిష్కరించిన తీరును పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. హరణం, ముద్ర

రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో కావ్యచౌర్యాన్ని శబ్దహరణం, అర్థహరణం అని విభజించి చర్చించాడు. మూలకవి ఒకడున్నాడన్నదే ఆ చర్చకు ఆధారం. ఇక్కడ ఆ ఆధారం తొలగిపోయింది. జాక్ మేల్కొన్న లోకంలో ఆ పాటలను ఎవరూ రాయలేదు. కనుక నష్టపోయినవారు లేరు, అభియోగం మోపేవారూ లేరు. అయినా అతని మనస్సు కుదుటపడదు. చౌర్యదోషం పరుల సొత్తును హరించడంలోనే కాక, తనది కానిదానిని తనదని చెప్పుకోవడంలోనూ ఉన్నదని చిత్రం ఈ విధంగా సూచిస్తుంది.

మన వాగ్గేయకారులు కృతిలో తమ ముద్రను నిలిపారు. త్యాగరాజకృతిని అపహరించదలచినవాడు చరణంలోని ఆయన పేరును చెరపవలసి ఉంటుంది. బీటిల్స్ పాటలకు అటువంటి నామముద్ర లేదు. అయితే ‘ఎలినోర్ రిగ్బీ’ పదాలు గుర్తురాక జాక్ లివర్‌పూల్‌కు వెళ్లి, పెన్నీ లేన్, స్ట్రాబెరీ ఫీల్డ్ చూసే ఘట్టంలో వేరొక ముద్ర బయటపడుతుంది. ఆ ఊరే ఆ పాటల ముద్ర. జాక్ పదాలను జ్ఞాపకం చేసుకోగలడు గాని, ఆ వీధులలో గడవని బాల్యాన్ని జ్ఞాపకం చేసుకోలేడు.

3. శ్రోత స్థానం

చిత్రంలో హాస్యం ఉత్తమంగా పండినది ఇంటిలోని పియానో సన్నివేశంలో. జాక్ ‘లెట్ ఇట్ బీ’ మొదలుపెట్టిన ప్రతిసారీ తల్లిదండ్రుల మాటలో, వచ్చిపోయేవారి పలకరింపో అడ్డుతగులుతుంది. ఎంత గొప్ప పాటకైనా వినే చెవి, వినవలసిన సందర్భం కావాలని ఇక్కడ నవ్విస్తూనే చెప్పారు. కాని తరువాతి కథ ఈ ఎరుకను విడిచిపెడుతుంది. హాంబర్గ్ క్లబ్బుల సాధన, జార్జ్ మార్టిన్ స్టూడియో నైపుణ్యం, 1960ల యువతరం ఆకాంక్షలు ఏవీ లేకుండానే ఆ పాటలు నేటి లోకాన్ని జయిస్తాయి. ‘హే జూడ్’ను ‘హే డ్యూడ్’గా మార్చమని ఎడ్ షీరన్ ఇచ్చే సలహా, ఆల్బమ్ పేర్లన్నింటినీ తిరస్కరించే ప్రచారబృందం సమావేశం వ్యాపారాన్ని చక్కగా వెక్కిరిస్తాయి. ఆ వ్యాపారపు తోడ్పాటు లేకుండా పాటలు గెలిచేవా అన్న ప్రశ్నను మాత్రం చిత్రం వేయదు. ఇది కథలోని ప్రధానలోపం.

4. కీర్తి, జీవితం

బీటిల్స్ లేని లోకంలో జాన్ లెనన్ 78 ఏళ్ల వయస్సులో సముద్రతీరాన ప్రశాంతంగా జీవిస్తుంటాడు. వాస్తవంలో 1980లో హత్యకు గురైన వ్యక్తి అతడు. పాటలు మిగిలి కర్త పోయిన లోకం మనది; కర్త మిగిలి పాటలు పోయిన లోకం జాక్‌ది. వీటిలో దేనిని కోరుకోవాలన్న చిక్కు ప్రేక్షకునికే మిగులుతుంది. చిత్రానికి బరువు నిచ్చినది ఈ చిన్న ఘట్టమే. జాక్ వెంబ్లీ వేదికపై నిజం ఒప్పుకొని పాటలను ఉచితంగా లోకానికి విడిచిపెట్టడానికి ఇదే ప్రేరణ.

5. ముగింపు

ఉపాధ్యాయురాలైన ఎల్లీ (లిలీ జేమ్స్) జాక్‌ను అభిమానించినది అతనికి కీర్తి రాకముందే. కావున ప్రణయకథ కీర్తికథకు సరైన ప్రతివాదం. అయితే ఆ ప్రతివాదం పూర్తి కావాలంటే జాక్ చివరకు తనదైన పాట ఒకటి కట్టవలసింది. అతడు ఎల్లీని పెళ్లాడి, బడిపిల్లలకు మళ్లీ బీటిల్స్ పాటనే నేర్పుతాడు. అబద్ధం నుంచి విముక్తుడైనాడు గాని తన గొంతును తాను కనుగొనలేదు. చౌర్యాన్ని నిశితంగా విచారించిన ఈ చిత్రం సృజనను విచారించకుండానే ముగిసింది.