జర్కు లేని అరకు దారి

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకున్నవాళ్లు రెండు రకాలు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని, తెర మూల కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) అంకెని ఫొటో తీసి నలుగురికీ పంపేవాళ్లు మొదటి రకం. పాత కార్డుతోనే విశాఖ రన్‌వే మీద చక్రాలు లేచింది మొదలు అరకు లోయ మీద చక్కరు కొట్టేదాకా ఒక్క జర్కు పడకుండా నడిపేవాళ్లు రెండో రకం. నా దండాలన్నీ రెండో రకానికే. వాళ్ల చేతిలో ఉన్నది విద్య. డబ్బు పెడితే దొరకదు, కూర్చుని నేర్చుకోవాలి.

దీనికి విశాఖ–అరకు దారిని మించిన పరీక్ష మన ప్రాంతంలో లేదని నా వాదన. గాలిదారిన 75 కిలోమీటర్ల పైచిలుకు, సెస్నా 172లో సుమారు అరగంట. వాయవ్యంగా పోవాలి కాబట్టి కంటిచూపు మీద ఎగిరేవాళ్లు 6,500 అడుగులు పట్టుకుంటారు. గాలికొండ, అనంతగిరి కిందే ఉండిపోతాయి. ఐఎన్‌ఎస్ డేగాతో కలిసి ఉన్న ఆ రన్‌వే మీద నుంచి లేచీ లేవగానే చుట్టూ నగరం: ఓడరేవు, స్టీల్‌ప్లాంటు, వేల ఇళ్లు, రోడ్ల మీద బండ్లు, ఏప్రన్ మీద ఆగి ఉన్న విమానాలు. ఇవన్నీ లెక్కగట్టి ఎక్కడివక్కడ నిలబెట్టాల్సింది ప్రధానంగా ప్రాసెసర్. శృంగవరపుకోటని కుడిచేతి వైపు వదిలి కొండలెక్కేసరికి ఇళ్లు పోయి చెట్లొస్తాయి. వానాకాలపు వాతావరణం పెట్టుకుంటే కొండల నడుం దాకా మబ్బు. చెట్టు చెట్టుకీ నీడ, మబ్బు పొరపొరకీ వెలుతురు గీయాల్సింది గ్రాఫిక్స్ కార్డు. నగరం మీద తడబడి కొండల్లో తేరుకుందా, అనుమానం ప్రాసెసర్ మీద. నగరంలో హాయిగా ఉండి అనంతగిరి మబ్బుల్లో మూలిగిందా, కార్డు మీద. ఒక్క స్లైడర్ ముట్టుకోకుండానే రోగం సగం తెలిసినట్టు.

ఎక్స్-ప్లేన్ సిమ్యులేటర్ వాడేవాళ్లకి (దాచడమెందుకు, నాది ఆ జట్టే) మూడో పరీక్ష కూడా ఉంది. అది భూమిని డిగ్రీ అక్షాంశం, డిగ్రీ రేఖాంశం చొప్పున పలకలుగా కోసి లోడ్ చేసుకుంటుంది. విశాఖ 17–83 పలకలో ఉంది, అరకు 18–82లో ఉంది. తిన్నగా పోతే మధ్యలో 18–83 పలక మూల కూడా దాటాలి. అరగంటలో మూడు పలకలు! వెనక నుంచి కొత్త పలకలు వస్తూ ఉండాలి, ముందు విమానం ఆగకూడదు. ఆస్కర్ పిలోట్ రాసిన ఆర్థో4ఎక్స్‌పీతో ఉపగ్రహ చిత్రాలు పరిచినవాళ్లకి ఆ పలకలు ఇంకా బరువు. సీనరీని పాత హార్డ్ డిస్కులో ఉంచినవాడి బండి ఇక్కడ కక్కుతుంది. ఎస్‌ఎస్‌డీలోకి మార్చిన రోజే తేడా కనిపిస్తుంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆర్గాన్లు చేసే ఇంట్లో పెరిగిన ఎడ్విన్ లింక్ 1929లో గాలితిత్తుల మీద ఊగే శిక్షణ యంత్రం కట్టాడు. బ్రూస్ ఆర్ట్‌విక్ 1979లో యాపిల్ 2 మీద గీతల విమానం ఎగరేశాడు. 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో అది ఇళ్లలోకొచ్చింది. మిగతాదంతా తెర నునుపు కోసం జరిగిన పోరాటమే.

ఆ పోరాటంలో నేను గురువుగా ఎంచే మనిషి స్కాట్ వాసన్. 2011లో ది టెక్ రిపోర్ట్ అనే హార్డ్‌వేర్ పత్రికలో ఆయన చూపించినది ఇంతే: సెకనుకి ఎన్ని ఫ్రేములని కాదు, ఒక్కో ఫ్రేముకి ఎన్ని మిల్లీసెకన్లని అడగండి. లెక్క చూడండి. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చాయి, మొత్తం 885. మిగిలిన ఒక్క ఫ్రేము 115 తీసుకుంది. మూలనున్న మీటరు దర్జాగా 60 అనే చూపిస్తుంది. కంటికి మాత్రం విమానం గాల్లో ఆగి మళ్లీ కదిలినట్టుంటుంది. కిరండుల్ ప్యాసింజర్ సగటు వేగం చెప్పినంత మాత్రాన, ఇనప ఖనిజం గూడ్సుకి దారిచ్చి అది ఏ స్టేషన్లో ఎంతసేపు నిలబడిందో తెలుస్తుందా? సగటు ఎప్పుడూ ఆగిన చోటు చెప్పదు.

కాబట్టి పనితెలిసినవాళ్లు ముందు ఫ్రేమ్‌టైమ్ గ్రాఫు పెట్టుకుంటారు. ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్ ఉంది, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ ఉంది, ఆఫ్టర్‌బర్నర్‌తో వచ్చే రివాట్యూనర్ ఉంది. ఆ గీతని చదవడంలోనే ఉంది ఈ విద్య అందమంతా. గీత నున్నగానే ఉండి మొత్తంగా ఎత్తున ఉంటే యంత్రానికి మోయగలిగిన దానికన్నా ఎక్కువ ఎత్తారని అర్థం. గీత కిందే ఉండి, గడియారం కొట్టినట్టు సమాన దూరాల్లో ముళ్లు లేస్తుంటే వెనక ఏదో వంతులవారీగా పని చేస్తోంది: యాడాన్ చేసే ఆటోసేవ్, యాంటీవైరస్ స్కాను, నిద్రపోయి లేస్తున్న యూఎస్‌బీ హబ్బు. ముళ్లు కొత్త చోటికి వెళ్లినప్పుడే వస్తే లోడింగు. డ్రైవర్ అప్‌డేట్ చేశాక మొదటి విమానంలోనే వచ్చి తరవాత పోతే షేడర్లు కొత్తగా కంపైల్ అవుతున్నాయి, దాన్ని అలా వదిలేయాలి. మొదటి పావుగంట బాగుండి నెమ్మదిగా పాడవుతుంటే రెండే దారులు: వీడియో మెమరీ నిండింది, లేదా ప్రాసెసర్ కాగి తనంతట తాను వేగం తగ్గించుకుంది.

తరవాతి మెట్టు ఇంకా తేలిక. రెండర్ రిజల్యూషన్‌ని సగానికి దించి చూడాలి. వేగం పెరిగితే అడ్డు గ్రాఫిక్స్ కార్డు, కదలకపోతే ప్రాసెసర్. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో డెవలపర్ మోడ్ తెరిస్తే అదే చెప్పేస్తుంది, ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అనో ‘జీపీయూ’ అనో. మెయిన్‌థ్రెడ్ అంటే టెర్రెయిన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్, ట్రాఫిక్, గ్లాస్ కాక్‌పిట్ తెరల రిఫ్రెష్ తగ్గించాలి. జీపీయూ అంటే మబ్బులు, నీడలు, రిజల్యూషన్. వీడియో మెమరీ నిండితే టెక్స్‌చర్లు ఒక మెట్టు దించాలి. ర్యామ్ ఒకే కర్ర ఉంటే రెండోది జత చేయాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 అని డబ్బు పోసి కొన్న ర్యామ్ 2133 దగ్గరే కునుకు తీస్తూ ఉంటుంది. ఇదంతా చేసేటప్పుడు పాటించాల్సిన నియమం ఒక్కటే: ఒకసారికి ఒక్క మార్పు, అదే దారి, అదే వాతావరణం, అదే టైము. ఆఖరున ఫ్రేములకి కళ్లెం వేయాలి. 60 హెర్ట్జ్ తెర మీద 38కీ 55కీ మధ్య ఊగే యంత్రాన్ని 30కి కట్టేస్తే ప్రతి ఫ్రేమూ 33.3 మిల్లీసెకన్లకి ఠంచనుగా వస్తుంది. ఊగే 50 కన్నా నిలకడగా ఉన్న 30 ఎంత హాయో చూసినవాడికే తెలుస్తుంది.

పెద్దల ఘనకార్యాలు చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. 2006లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ల ప్రోగ్రాము. 4 గిగాబైట్ల మెమరీ హద్దు దాటిందా, గమ్యం కళ్లముందు ఉండగా మూసుకుపోయేది. దాన్ని తయారుచేసిన ఏసెస్ స్టూడియో 2009లో మూతపడ్డాక ఆ అనాథని ఏళ్ల తరబడి బతికించింది వాడుకరులే. పీట్ డౌసన్ తన ఎఫ్‌ఎస్‌యూఐపీసీతో సిమ్‌ లోపలికి తలుపు తీశాడు. వైడ్‌ఎఫ్‌ఎస్‌తో సాధనాల తెరల భారాన్ని పక్క కంప్యూటర్ మీదికి దించే దారి చూపించాడు. ఎక్స్-ప్లేన్‌లో బెన్ సప్నిక్, సిడ్నీ జస్ట్ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ లేచి నిలబడాలనిపిస్తుంది. 2020లో 11.50తో పాత ఓపెన్‌జీఎల్‌కి తోడు వల్కన్‌ని తెచ్చారు. ఎగురుతుండగా మధ్యలో డ్రైవరు షేడర్ కంపైల్ చేసుకుంటూ కూర్చునే పీడ దాంతో చాలావరకు విరగడైంది. అవతలి మైక్రోసాఫ్ట్ జట్టుని కూడా మెచ్చుకోవాలి మరి. ఫ్రాన్స్‌లోని అసోబో వాళ్లు 2021 జులైలో ఎక్స్‌బాక్స్ కోసం ఇంజన్ని తిరగరాసి పీసీలకీ ఊపిరి పోశారు. తల తిప్పితే చెట్లు మొలకెత్తుతున్నాయని జనం గొడవ చేస్తే, తెర బయటి నేలని ముందే సిద్ధం చేసుకునే సెట్టింగు తెచ్చారు. ఇక 2022లో 96 మెగాబైట్ల ఎల్3 కాష్‌తో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ గురించి చెప్పక్కర్లేదు, ఆ ప్రాసెసర్ సిమ్ వాళ్ల కోసమే పుట్టినట్టుంది.

కొండల్లో ఉండేవాళ్ల ఇబ్బందులు వేరు. అరకులో హోమ్‌స్టే నడిపే మిత్రుడు ఒకడు నాకు ఫోన్ చేశాడు. “అన్నా, మీటరు 60 దగ్గరే ఉంటోంది. ఉన్నట్టుండి బండి చతికిలబడుతోంది, మళ్లీ అదే లేస్తోంది. కార్డు పోయిందంటావా?” గ్రాఫు పంపమన్నాను. ముళ్లు సమానంగా లేవు, కొత్త చోట్లకీ సంబంధం లేదు. సాయంత్రం పూటే ఎక్కువ. ఈసారి ఎగిరేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జింగ్ దీపం మీద ఒక కన్నేసి ఉంచమన్నాను. అసలు దొంగ అక్కడే ఉన్నాడు. ఊళ్లో దీపాలు వెలిగే వేళకి వోల్టేజీ పడిపోయి అడాప్టర్ ఒక్క క్షణం వదిలేస్తోంది. బ్యాటరీ మీదికి వెళ్లగానే ల్యాప్‌టాప్ తన శక్తి కోటా తగ్గించుకుంటోంది. మంచి యూపీఎస్ పెట్టాక ముళ్లు మాయమయ్యాయి. కార్డు నిక్షేపంగా ఉంది. దుకాణానికి తీసుకెళ్లి ఉంటే దాన్ని మార్పించేవాళ్లు!

నెట్‌వర్కు ఇంకో తలనొప్పి. మైక్రోసాఫ్ట్ సిమ్ నేలని ఎప్పటికప్పుడు నెట్ నుంచి దించుకుంటుంది. 2024 వెర్షన్ మరీ ఎక్కువగా ఆధారపడుతుంది. ఒక్క గీత సిగ్నల్ ఉన్న చోట అది కొండని ముద్దగా చూపిస్తుంది. రోలింగ్ కాష్ పెద్దదిగా పెట్టుకుని, రోజూ ఎగిరే దారుల్ని మంచి నెట్ ఉన్నప్పుడే ఒకసారి తిరిగి రావడం తెలివైన పని. కొండవాళ్లకి దక్కిన వరమూ ఒకటుంది. మే నెలలో విశాఖలో ల్యాప్‌టాప్ కొలిమిలా కాగుతుంటే, సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయలో అదే యంత్రం చల్లగా, పూర్తి వేగంతో నడుస్తుంది.

ఇక నా కోపం సంగతి. 2022లో ఫ్రేమ్ జనరేషన్ వచ్చింది. రెండు అసలు ఫ్రేముల మధ్య ఒక ఊహా ఫ్రేమును ఇరికించే పద్ధతి. 2025 కార్డుల్లో ఒక అసలు ఫ్రేముకి మూడు ఊహా ఫ్రేముల దాకా పెరిగింది. అడుగున నిలకడ ఉన్నప్పుడు దానికి నేను అడ్డు చెప్పను, కంటికి హాయే. కానీ 25 ఫ్రేములతో ఈడ్చుకొస్తున్న యంత్రానికి ఈ రంగు పూసి 100 వస్తున్నాయని చంకలు గుద్దుకుంటే ఏమనాలి? మెయిన్‌థ్రెడ్ 115 మిల్లీసెకన్లు ఆగితే ఊహించడానికి తరవాతి అసలు ఫ్రేము రానేలేదు కదా. జర్కు జర్కుగానే ఉంటుంది, యోక్ తిప్పినదానికి విమానం స్పందించడం మాత్రం ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఇది వైద్యం కాదు, మేకప్పు.

దీనికి తోడు దొంగ బూస్టర్లు! ర్యామ్ క్లీనరట, రిజిస్ట్రీ డాక్టరట, ఒక్క క్లిక్కుతో ఎఫ్‌పీఎస్ రెట్టింపట. ర్యామ్‌లో సిమ్ భద్రంగా దాచుకున్నదాన్ని బయటికి తోసేస్తే, అది మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకోవాలి. ఒక జర్కు పోగొడతానని వచ్చి పది తెస్తుంది. ఎవరిదో కాన్ఫిగరేషన్ ఫైలు తెచ్చి తమ యంత్రంలో పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. ఎఫ్‌ఎస్‌ఎక్స్ రోజుల్లో అఫినిటీ మాస్క్ అంకె ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కోలా ఉండేది. నాలుగు కోర్ల అంకెని రెండు కోర్లవాడు పెట్టుకుంటే ఏమవుతుంది? పక్కింటివాడి కళ్లద్దాలతో పేపరు చదివినా అంతకన్నా బాగా కనిపిస్తుంది.

ఇది ఆటే కదా, ఇంత ఆవేశం ఎందుకంటారేమో. హైదరాబాద్‌లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ శిక్షణ కేంద్రం పైలట్లని కోట్ల రూపాయల సిమ్యులేటర్లలో సానబట్టింది. ఆ మెట్లు ఎక్కే స్తోమత లేని పాడేరు పిల్లకీ, అనంతగిరి పిల్లాడికీ ఇంట్లో బల్ల మీది సిమ్మే తొలి కాక్‌పిట్. ల్యాండింగులో ముక్కు ఎత్తాల్సిన ఆ క్షణాన తెర ఆగిపోతే చెయ్యి తప్పు నేర్చుకుంటుంది. నునుపైన 30 ఫ్రేములు ఆ బిడ్డకి కొత్త కార్డుకన్నా ఎక్కువ విలువైనవి. పైగా ఖర్చు దాదాపు లేదు, ఓపిక కావాలంతే.

అందుకే నా మనవి. సెట్టింగుల స్క్రీన్‌షాట్లు పంచుకోవడం ఆపండి, ఫ్రేమ్‌టైమ్ గ్రాఫులు పంచుకోండి. “నాకు 120 వస్తోంది” అన్నవాణ్ని “నీ గ్రాఫులో అన్నిటికన్నా పెద్ద ముల్లు ఎంత?” అని అడగండి. కుర్రాళ్లకి కార్డు కొనిపెట్టే ముందు గీత చదవడం నేర్పండి. విశాఖ నుంచి అరకుకి, 6,500 అడుగుల్లో, వానాకాలపు మబ్బులో, ఒక్క జర్కు లేకుండా ఎవరు వెళ్లి చూపిస్తారో వాళ్లనే గురువు అనండి. కార్డు ఖరీదు ఎవరూ అడగక్కర్లేదు.