వణికింది ఎవరు?

సిరి హుస్ట్‌వెట్ రాసిన ‘ది షేకింగ్ వుమన్’ మొదటి కొన్ని పేజీలు చదివి పుస్తకం మూసేశాను. బాగాలేక కాదు, మా పెద్దమ్మ కూతురు గుర్తొచ్చి.

తండ్రి పోయిన రెండున్నరేళ్ళకి, మినెసోటాలో ఆయన పాఠాలు చెప్పిన సెయింట్ ఓలాఫ్ కాలేజీలో, ఆయన గురించి మాట్లాడటానికి హుస్ట్‌వెట్ లేచి నిలబడింది. నోరు తెరవగానే మెడ కిందనుంచి ఒళ్ళంతా ఊగిపోయింది. చేతులు కొట్టుకుంటున్నాయి, మోకాళ్ళు తగులుకుంటున్నాయి. గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. ప్రసంగం పూర్తి చేసింది, దాంతో వణుకూ ఆగింది. వణికిన ఆ మనిషి ఎవరు అన్నదే మిగతా పుస్తకమంతా.

మా అక్కకి డిగ్రీ రెండో ఏడాదిలో ఫిట్స్ మొదలయ్యాయి. ఈఈజీ తీసి, “అంతా నార్మలే, ఏమీ లేదండీ” అన్నారు డాక్టరు. ఫిట్ రాని పూట తీసిన ఈఈజీ నార్మల్‌గా వస్తే అది మూర్ఛ అనీ తేలదు, కాదనీ తేలదు. ఫిట్ వచ్చినప్పుడు వీడియోతో కలిపి రికార్డు చేస్తే తప్ప తెలియదు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఇంట్లో “నాటకాలు” అన్నారు. నేనప్పుడు ఇంటర్. నేనూ అన్నాను. ఎవరైనా చూస్తుంటే ఎక్కువవుతోంది కదా, ఇంకేం రుజువు కావాలి?

తమాషా ఏంటంటే, ఈ జబ్బుల్లో అది నాటకానికి రుజువు కాదు. ధ్యాస పెడితే పెరగడం, ధ్యాస మళ్ళితే తగ్గడం ఫంక్షనల్ వణుకుకి న్యూరాలజిస్టులు వెతికే గుర్తు. 1908లోనే హూవర్ అనే డాక్టరు ఇలాంటిదే ఒకటి కనిపెట్టాడు. పడిపోయిన కాలి మడమని కిందకి నొక్కమంటే రోగి నొక్కలేడు. బాగున్న కాలిని బరువుకి ఎదురుగా పైకెత్తమంటే, పడిపోయిన కాలు తనంతట తనే నొక్కుతుంది. బలం ఉంది, దాన్ని పిలిచే దారి మూసుకుపోయింది.

దీన్ని రోగులకి “హార్డ్‌వేర్ బాగుంది, సమస్య సాఫ్ట్‌వేర్‌లో” అని చెప్తుంటారు. పొద్దస్తమానం సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే నాకు ఈ పోలిక నచ్చదు. మా కోడ్‌లో తప్పుంటే వెనక్కి తీసి పాత వెర్షన్ పెడతాం. మెదడులో నేర్చుకున్నదే తీగ అయిపోతుంది, ప్రోగ్రామ్ వేరు తీగ వేరు కాదు. హుస్ట్‌వెట్ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఇదే: మనసా, మెదడా అని ఎవరో ఒకరిని దోషిగా నిలబెట్టదు. షార్కో, జానే, ఫ్రాయిడ్, ఈనాటి న్యూరోసైన్స్, అందరి దగ్గరికీ వెళ్తుంది, ఎవరి దగ్గరా స్థిరపడదు. కానీ మధ్యభాగం మాత్రం ముప్ఫై ట్యాబులు తెరిచిన బ్రౌజర్‌లా ఉంటుంది. ఒక పేరు అర్థమయ్యేలోపు ఇంకో పేరు.

పుస్తకం వచ్చిన 2010లోనే వలేరీ వూన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. ఫంక్షనల్ వణుకు ఉన్న ఎనిమిది మందిని స్కానర్‌లో పడుకోబెట్టి, ఒకసారి వణుకు దానంతటది వచ్చినప్పుడు, ఇంకోసారి అలాగే కావాలని వణికినప్పుడు చూశారు. దానంతటది వచ్చినప్పుడు కుడివైపు టెంపొరో పెరైటల్ జంక్షన్‌లో చురుకుదనం తక్కువ. మెదడు ముందుగా ఊహించిన కదలికనీ, నిజంగా జరిగినదాన్నీ సరిచూడటంలో ఆ చోటుకి పాత్ర ఉందంటారు. ఆ లెక్క కుదరకపోతే చెయ్యి నాదే, కదలిక నాది కాదు. ఎనిమిది మందే, నిజమే. కానీ హుస్ట్‌వెట్ వాక్యాలతో తడుముకున్న చీలిక అదే.

“నేను చెయ్యట్లేదురా” అనేది అక్క. నేను నవ్వేవాణ్ణి.

మొన్న దసరాకి ఈ పుస్తకం తనకిచ్చాను. ఫ్రాయిడ్ దగ్గర ఆపేసిందట. ఎలా ఉందని అడిగితే, “ఆవిడ ప్రసంగం పూర్తి చేసిందిరా. నాకు నోరే పెగిలేది కాదు” అంది.