గులాం నోట ‘మేము’

కథల్లో గులాం చాలాసార్లు నిజంగా గులాం కాడు. మారువేషంలో ఉన్న రాజకుమారుడు. చివర్లో పుట్టుమచ్చో, ఉంగరమో బయటపడుతుంది. సంకెళ్లు తెగుతాయి, కిరీటం తలకెక్కుతుంది. హరిశ్చంద్రుడు కాశీలో వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయితే, పద్యనాటకం చూస్తున్న జనమంతా కంటతడి పెడతారు. ఎందుకు? అంతటి మహారాజు కాటికి కాపలా కాస్తున్నాడని. అతని కంటే ముందు ఆ కాటికి కాపలా కాసినవాడి కోసం ఏ ప్రేక్షకుడూ ఏడవలేదు. వాడి బతుకు సహజం, రాజుగారి బతుకు అన్యాయం. బానిసత్వం విషయంలో కథలు మనకు చేసే మోసం ఇదే. బానిసత్వం తప్పు అనవు. ఫలానావాడు బానిస కావడం తప్పు అంటాయి.

అమెరికన్ రచయిత్రి మేగన్ వేలన్ టర్నర్ 2017లో వెలువరించిన ‘థిక్ యాజ్ థీవ్స్’ నవల ఈ మోసం చేయదు. అందుకే దీని గురించి మనం మాట్లాడుకోవాలి. ఇందులో గులాం చివరిదాకా గులాం బిడ్డే. పుట్టుమచ్చలూ లేవు, ఉంగరాలూ లేవు.

ఇది ఊహాలోకపు నవల. 1996లో ‘ది థీఫ్’తో మొదలై 2020లో ముగిసిన ఆరు నవలల వరుసలో ఐదోది. ఇందులోని రాజ్యాలు ఏ పటంలోనూ దొరకవు. అయినా పోలికలు దాగవు. ఒకవైపు ప్రాచీన గ్రీసును తలపించే అట్టోలియా వంటి చిన్న రాజ్యాలు. మరోవైపు ప్రాచీన పర్షియానూ, మెసపొటేమియానూ తలపించే మీడ్ మహాసామ్రాజ్యం. కథ చెప్పేది కామెట్ అనే గులాం. సెట్రా అనే ప్రాంతంలో పుట్టినవాడు. పసితనంలోనే ఎత్తుకొచ్చి అమ్మేశారు. అతని మాలిక్ నహుసెరెష్ రాచవంశీకుడు. చక్రవర్తికి దగ్గరి బంధువు. సింహాసనం ఎక్కబోయేది నహుసెరెష్ తోబుట్టువే.

కామెట్ గడ్డపార పట్టే గులాం కాదు, కలం పట్టే గులాం. మాలిక్ లెక్కలు చూస్తాడు, ఉత్తరాలు రాస్తాడు, ఇల్లు నడుపుతాడు. అతనికొక ఆశ ఉంది. స్వేచ్ఛ కాదు. ఏదో ఒకనాడు మాలిక్ తనని కాబోయే చక్రవర్తికి కానుకగా ఇస్తాడని. అప్పుడు తాను సామ్రాజ్యంలోనే అందరికంటే పలుకుబడి గల గులాం అవుతాడని. చదువుతూ ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మనిషి తాను వస్తువులా చేతులు మారే రోజు కోసం కలలు కంటున్నాడు. తన ధర పెరగడమే తన ఎదుగుదల అనుకుంటున్నాడు.

దర్బారులో అవమానం పాలైన కోపంలో ఆ మాలికే అతన్ని చావగొడతాడు. ఆ దెబ్బలు ఇంకా మానకముందే అట్టోలియా నుంచి వచ్చిన ఒక సిపాయి చాటుగా కలుస్తాడు. మా రాజు నీకు విడుదల ఇస్తాడు, మాతో రా అంటాడు. కామెట్‌కి నవ్వొస్తుంది. ఆ అనాగరిక దేశంలో స్వేచ్ఛగా ఉండటం కంటే, ఈ మహానగరంలో పెద్దింటి గులాంగా ఉండటమే మేలనుకుంటాడు. వీపు మీద దెబ్బలు, నోట్లో సామ్రాజ్యపు గర్వం. నవల మొత్తానికి ప్రాణం ఈ చోటే.

అంతలో లైలా అనే గులాం స్త్రీ ఒక కబురు తెస్తుంది. మాలిక్‌కి ఎవరో విషం పెట్టారు, చనిపోయాడు. మీడ్ రాజ్యంలో మాలిక్ హత్యకు గురైతే ఇంట్లోని గులాంలను చిత్రహింసలు పెట్టి చంపుతారు. చంపింది ఎవరన్న దానితో పని లేదు. దాంతో కామెట్ ప్రాణభయంతో ఆ సిపాయి వెంట పడతాడు. మాలిక్ చనిపోయాడన్న మాట మాత్రం అతనికి చెప్పడు. చెబితే తన అవసరం వాళ్లకు తీరిపోతుందని భయం. అక్కడి నుంచి కొండలూ ఎడారులూ దాటుతూ ఇద్దరి ప్రయాణం. వెనక చక్రవర్తి సైనికుల వేట.

గులాం మీద సానుభూతితో రాసిన నవలలు చాలా ఉన్నాయి. గులాం తలలోపలికి వెళ్లి, అక్కడ కొలువుదీరిన మాలిక్‌ని చూపించినవి తక్కువ. మీడ్ సామ్రాజ్యం గొప్పతనం చెప్పేటప్పుడు కామెట్ తనని ఆ గొప్పతనం లోపలే నిలబెట్టుకుంటాడు. పైకి అన్నా అనకపోయినా అతని ప్రతి మాట వెనకా ఒక ‘మేము’ ఉంది. ఆ ‘మేము’లో చక్రవర్తి ఉన్నాడు, కావ్యాలున్నాయి, మహానగరం ఉంది. కానీ ఆ చక్రవర్తి అనే ‘మేము’లో కామెట్ లేడు. అక్కడ అతను సొత్తు. కామెట్ విషాదం సంకెళ్లలో కంటే ఈ లెక్కలో ఎక్కువగా ఉంది.

ఈ ‘మేము’ మనకు కొత్తది కాదు. దక్కన్ చరిత్రకు దీనితో పాత చుట్టరికం ఉంది. 1310లో ఓరుగల్లు ముట్టడించి ప్రతాపరుద్రుణ్ని లొంగదీసిన మాలిక్ కాఫుర్ స్వయంగా గులాం. అతని ఇంకో పేరు హజార్ దీనారీ. అంటే వెయ్యి దీనార్లవాడు. సేనాపతి అయ్యాక కూడా ధర పేరుకు అతుక్కునే ఉంది. 1316లో అల్లావుద్దీన్ ఖిల్జీ కన్నుమూసిన కొద్ది వారాలకే కాఫుర్‌ని చంపేశారు. అతని అధికారం మాలిక్ ఊపిరి ఉన్నంతవరకే. ఇంకొకరున్నారు. కాకతీయుల కొలువులో ఉన్న తెలుగువాడు. 1323లో ఓరుగల్లు పడిపోయాక బందీగా ఢిల్లీ చేరి, ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరై ఖాన్-ఎ-జహాన్ అనిపించుకున్నాడు. చరిత్ర అతని పేరు వెనక ‘తిలంగానీ’ అని రాసుకుంది. ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో అతని ఎనిమిది పలకల సమాధి ఇవాళ్టికీ ఉంది. అదే ఫిరోజ్ షా దగ్గర లక్షా 80 వేల మంది గులాంలు ఉండేవారని షమ్స్ సిరాజ్ అఫీఫ్ తన చరిత్రలో రాశాడు. ఒక్క మక్బూల్ సమాధి అందరికీ తెలుసు. ఆ లక్షా 80 వేల మంది ఎక్కడ పడుకున్నారు?

ఒక్క మక్బూల్‌ని చూపించి లక్షల మంది చేత ‘మేము పాలించాం’ అనిపించడం ఏలేవాళ్లకు ఎప్పుడూ చేతనైన పనే. నిజాం రాజ్యం చివరి రోజుల్లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ‘అనల్ మాలిక్’ అన్న నినాదం ఇచ్చింది. నేనే ప్రభువుని అని అర్థం. ప్రతి ముస్లిమూ పాలకుడేనట. నిజాం ఆ ప్రభుత్వానికి గుర్తు మాత్రమేనట. దూది ఏకేవాడూ, జట్కా తోలేవాడూ, దర్గా ముందు అడుక్కునే ఫకీరూ అందరూ మాలిక్‌లే! ఆ మాట కడుపు నింపలేదు, గుంట భూమి ఇవ్వలేదు. రజాకార్లు ఆ మాట పేరునే పల్లెల మీద పడి చేసిన దౌర్జన్యాలను ఎవరూ కాదనలేరు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. ఆ తర్వాత సంస్థానమంతటా ముస్లింల మీద సాగిన మారణకాండలో, తక్కువలో తక్కువగా లెక్కగట్టినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ బృందం తన నివేదికలో అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనానికి అందలేదు. అసలు మాలిక్ సంగతి? 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా ఉన్నాడు.

మీడ్ చట్టం గుర్తుకొస్తోందా? మాలిక్‌కి ఏం జరిగినా గులాంల తలలు తెగుతాయి. టర్నర్‌కి మన చరిత్రతో పని లేదు. ఆమె మన కోసం రాయలేదు. కానీ మంచి నవల ఎవరి బతుకు లోపలికైనా ఇలాగే చొరబడుతుంది. మాలిక్ వైభవాన్ని తనదిగా చెప్పుకున్న గులాం, మాలిక్ చేసిన పాపాన్ని కూడా మోయాల్సి వస్తుంది. ‘మీరు మమ్మల్ని ఏలారు’ అని వేలు చూపించేవాడూ, ‘అవును మేము ఏలాం’ అని మీసం దువ్వేవాడూ ఒకే అబద్ధానికి రెండు చివరలు పట్టుకున్నవాళ్లు.

మరి కామెట్ ఆ అబద్ధంలోంచి ఎట్లా బయటపడతాడు? నవల ఇక్కడ ఉపన్యాసం ఇవ్వదు. ఒక చిన్న పని చేస్తుంది. కామెట్ తన వెంట ఉన్న సిపాయిని చాలా దూరం పేరుతో తలుచుకోడు. కథనంలో అతను ‘అట్టోలియన్’ మాత్రమే. పక్కనే నడుస్తున్నా, తన కోసం కత్తి దూస్తున్నా, ఒక్కటే రొట్టె పంచుకుంటున్నా అట్టోలియనే. పరాయిదేశపు మోటు మనిషి. పాఠకులకు అతని పేరు కోస్టిస్ అని ముందు నవలల నుంచి తెలుసు. కామెట్ ఆ పేరు పలకడానికి నవల దాదాపు అంతా పడుతుంది. గులాంకి పేరు లేకుండా చేయడం మాలిక్‌లు చేసే పని. కామెట్ అదే పనిని ఇంకో మనిషి మీద చేస్తున్నాడు. ఎదుటివాడిని పేరుతో తలుచుకోగలిగిన నాడే తానూ ఒకరి సొత్తు కాకుండా పోతాడు. చట్టం ఇచ్చే విడుదల కాగితం ఆ తర్వాతి సంగతి.

దారి పొడుగునా కామెట్ సిపాయికి ఇమ్మకుక్, ఎన్నికర్ అనే ఇద్దరు వీరుల గాథ వినిపిస్తుంటాడు. ఆ గాథను అనువదించడం అతనికి ఇష్టమైన పని. గిల్గమేష్ రాజు, అతని మిత్రుడు ఎంకిడు కథ తెలిసినవాళ్లకు ఇది ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది. ఇరాక్‌లో ఇప్పటి మోసుల్ పక్కన, ఒకప్పటి నినెవే శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీది కథ అది. మాలిక్ ఇంటి లెక్కలు రాసే చేతిలోనే, ఇద్దరు మిత్రులు భుజం భుజం కలిపి నడిచే కావ్యం కూడా ఉంది. అంటే గులాంకి తన సొంత సొమ్ము ఒకటుంది. అది సామ్రాజ్యం కాదు, భాష. రాజు గొప్పను విడిచిపెట్టి జనం కథను వెంట తీసుకుపోవచ్చునని ఈ నవల చూపిస్తుంది. మనకు దీనికంటే పనికొచ్చే మాట లేదు. గోల్కొండ ఖిల్లా మనది కాకపోవచ్చు. పీర్ల పండగ పాట మనదే.

ఇంత మెచ్చుకున్నాక పేచీ కూడా పెట్టాలి. మొదటి పేచీ పటంతో. బానిసత్వం తూర్పున, విడుదల పడమరన. పర్షియాను పోలిన చోట సంకెళ్లు, గ్రీసును పోలిన చోట చేయందించే రాజు. చరిత్ర ఇట్లా లేదు. ఏథెన్స్ వైభవానికి వెండి పెట్టిన లౌరియన్ గనుల్లో తవ్వింది వేలాది మంది బానిసలు. కొందరు పుట్టుకతోనే బానిసలని వాదించిన అరిస్టాటిల్ పర్షియావాడు కాదు, గ్రీకువాడే. రచయిత్రి సొంత దేశంలో బానిసత్వం 1865 దాకా చట్టబద్ధం. మన చరిత్రలోనూ గులాంల బజార్లున్నాయి. దాచాల్సిన పని లేదు. కానీ నేరాన్ని ఒక్క దిక్కుకే రాసేయడం మనం బాగా ఎరిగిన అలవాటు. మీడ్‌లు ముస్లింలు కారు. ఆ ఊహాలోకంలో ఇస్లామే లేదు. అయినా తూర్పు చక్రవర్తి, గులాంల మంద, క్రూరమైన చట్టం అనగానే ఇవాళ్టి పాశ్చాత్య పాఠకుడి కళ్లముందు ఎవరి ముఖం మెదులుతుందో మనకు తెలుసు. టర్నర్ ఆ తూర్పును ఎగతాళి చేయలేదు. దానికి కావ్యం ఇచ్చింది, నాగరికత ఇచ్చింది. అంతమాత్రాన పటం మారలేదు.

రెండో పేచీ ముగింపుతో. చివరికి తెలిసేదేమిటి? మాలిక్ చనిపోనేలేదు. ఆ కబురు అట్టోలియా రాజు యూజినిడీస్ పన్నిన ఎత్తు. కామెట్ తనంతట తాను రాడని తెలిసి, భయపెట్టి రప్పించాడు. కారణాలు రెండు. నహుసెరెష్‌ని అవమానించడం ఒకటి. మీడ్ నౌకాబలం గుట్టు తెలుసుకోవడం రెండోది. ఒకప్పుడు అట్టోలియా కోట వంటగదిలో చెప్పులు తుడిచే కుర్రాడితో కామెట్ మంచిగా మాట్లాడాడు. ఆ కుర్రాడు మారువేషంలో ఉన్న ఈ రాజే. ఇదిగో, ముందు తలుపులోంచి గెంటేసిన మారువేషపు రాజు వెనక తలుపులోంచి మళ్లీ వచ్చాడు! ఆ కుర్రాడు నిజంగా చెప్పులు తుడిచేవాడే అయితే కామెట్ గతి ఏమయ్యేది? ఆజాదీ కూడా ఒక బాద్షా చేతి మీదుగానే, అతని అవసరం కొద్దీనే రావాలా?

ఇంకో మాట. విషం కబురు నిజమని నమ్మి కామెట్ పారిపోయినప్పుడు, ఇంట్లో మిగిలిన గులాంలకు ఏం జరగబోతుందో అతనికి తెలుసు. ఆ భారం అతని వెంట నడవాలి. నవల వాళ్ల వెంట వెళ్లదు. ఒక్కడి విడుదల కథకు సరిపోతుంది, మిగతావాళ్లు లెక్కలోకి రారు. ఇక్కడ టర్నర్ కూడా అఫీఫ్ లాగే అంకె దగ్గర ఆగిపోయింది.

అయినా ఈ నవలను నేను పక్కన పెట్టలేను. కామెట్ చివరికి ఏ దర్బారులోనూ పెద్ద పదవి ఎక్కడు. కోస్టిస్‌తో కలిసి రోవా అనే దూరపు చోటికి వెళ్లిపోతాడు. అక్కడ అతనికి మిగిలింది ఒక స్నేహితుడు, తన రాతపని. చక్రవర్తి పక్కన నిలబడాలని కలలు కన్నవాడు మామూలు మనిషి పక్కన నిలబడ్డాడు. అతని ‘మేము’లో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు. కానీ ఆ ఇద్దరిలో ఒకడికి ఇంకొకడు సొత్తు కాదు.

మన పేర్లలో గులాం ఉంది. గులాం రసూల్, గులాం మొహియుద్దీన్. అది భక్తితో పెట్టుకున్న పేరు. ఏ సుల్తానుకీ, ఏ నవాబుకీ రాసిచ్చిన పత్రం కాదు. మేము ఎవరం అన్న ప్రశ్నకు జవాబు ఖిల్లాల గోడల మీద వెతకడం మానేసి, మాతో రొట్టె పంచుకున్నవాళ్ల పేర్లు పలకడం నేర్చుకుంటే చాలు. ఆ పేర్లలో మాల పేర్లుంటాయి, మాదిగ పేర్లుంటాయి, చాకలి, మంగలి పేర్లుంటాయి. ఆ ‘మేము’ అనడానికి ఏ మాలిక్ అనుమతీ అక్కర్లేదు.