ముందు వినాలి, తర్వాత అడగాలి

పరిశోధనకు విషయం ఒక్కటే చాలదు, ప్రశ్న కావాలి. 'తమిళనాట తెలుగువారి భాష, సంస్కృతి' అనే సినాప్సిస్ ఒకటి ఈ వారం చదవడానికి వచ్చింది. కృష్ణగిరి నుంచి కోవిల్‌పట్టి దాకా అన్ని ఊళ్లూ, వందల ఏళ్ల వలసలూ అందులో ఉన్నాయి. తేల్చవలసింది ఏమిటో మాత్రం లేదు.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏది? ఈ నాలుగు హద్దులు లేనిది ప్రశ్న కాదని ఈ శీర్షిక ఎన్నోసార్లు చెప్పింది. విరుదునగర్ జిల్లా ఆలంగుళానికి వెళ్లి 'ఇక్కడ తెలుగు బతికుందా?' అంటే జవాబు తేలదు. 'ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాల్లో తాత వాడిన పనిముట్ల పేర్లలో మనవడికి ఏవి తెలుసు?' అంటే తేలుతుంది. ఎవరిని అడగాలో, ఏం రాసుకోవాలో, ఎక్కడ ఆపాలో ఆ వాక్యమే చెబుతుంది.

ఇందుకు తెలుగులో గొప్ప ఉదాహరణ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం. మాండలికాలన్నిటినీ ఒక్కసారే పట్టుకోకుండా ఒక్కో వృత్తినే తీసుకున్నారు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత సంపుటాలు వెలువడ్డాయి. ఏ పనిముట్టును ఏ జిల్లాలో ఏమంటారో రైతులనే అడిగి రాసుకున్న ఆ మాటలే తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా చూపించాయి. అడిగింది చిన్నదే, తేలింది పెద్దది.

అయితే హద్దు గీయడమే మొదటి పని అనుకోకూడదు. అంతకంటే ముందు వినాలి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆ నల్లరేగడి సీమ మాటలకు నిఘంటువు కూర్చారు, జానపద కథలు సేకరించారు. ఆ పనికి పునాది ఏళ్ల తరబడి జనం మధ్య విన్న మాట.

వినకుండా గీసిన హద్దు మనుషులనే బయట పెట్టేస్తుంది. పైన చెప్పిన పనిముట్ల ప్రశ్ననే చూడండి. నాగలి పట్టేది మగవాళ్లు. ఆ పనిముట్ల పట్టికతో వెళ్లినవారు పత్తి తీసే, కలుపు తీసే ఆడవాళ్ల మాటలు రాసుకోకుండానే తిరిగి వస్తారు. తాత పక్కనే కూర్చున్న అవ్వను అడగడానికి వారి దగ్గర ప్రశ్నే ఉండదు.

అందుకే ముందు కొన్నాళ్లు ఊళ్లో ఉండి వినాలి. ఆ తర్వాత ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యాన్ని గైడుకంటే ముందు ఊళ్లోవాళ్లకు వినిపించాలి. వాళ్లు దిద్దితే ఒప్పుకొని మార్చాలి. సినాప్సిస్ రాయడానికి కూర్చోవలసింది అప్పుడే.